తిరుగుదారి చూపే వివరణ: తరంగిక పరివర్తనం, ఛందఃప్రత్యయాలు, తెలుగు శాస్త్రవచనం

సారాంశం

గణన ప్రక్రియలను తెలుగులో విశదంగా చెప్పడానికి పారిభాషిక పదాల కొరతే ప్రధానమైన అడ్డంకి అన్న అభిప్రాయం శాస్త్రవచన చర్చల్లో తరచు వినిపిస్తుంది. ఆధునిక గణితంలోని తరంగిక పరివర్తనాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసం ఆ అభిప్రాయాన్ని పరీక్షిస్తుంది. తరంగికలను వివరించిన ప్రసిద్ధ గ్రంథాల పద్ధతులను పోల్చి, ప్రక్రియా వివరణకు గీటురాయి ‘తిరుగుదారి’ అని ప్రతిపాదిస్తుంది. ఫలితం నుండి మూలానికి చేరే మార్గం చూపినప్పుడే ప్రక్రియ బోధపడుతుంది. ఛందశ్శాస్త్రంలోని నష్టోద్దిష్టాలు ఈ సూత్రం మీదే నిర్మితమైనవని నిరూపించి, ఆ నిర్మాణాన్ని నేటి తెలుగు వచనంలోకి తేవడానికి అవసరమైన వాక్యరచనా నియమాలను చర్చిస్తుంది.

కీలక పదాలు: తరంగిక, పరివర్తనం, విలోమం, ప్రస్తారం, నష్టం, ఉద్దిష్టం, శాస్త్రవచనం.

1. ఉపోద్ఘాతం

తెలుగులో శాస్త్రవచన వికాసాన్ని గురించిన చర్చ చాలాకాలంగా పదం చుట్టూనే తిరుగుతున్నది. 1906లో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా మండలి మొదలు 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి వరకు జరిగిన కృషిలో పారిభాషిక పదనిర్మాణానికి పెద్దపీట దక్కింది. ఆ కృషి విలువ కాదనలేనిది. అయితే పదకోశం నిండిన తరువాత కూడా పాఠకుడు శాస్త్రగ్రంథాన్ని సగంలో మూసివేస్తున్నాడంటే లోపం మరొకచోట వెదకాలి. పేరు తెలియడం వేరు, పని తెలియడం వేరు. ‘ప్రస్తారం’ అన్న పదం తెలిసిన విద్యార్థులందరూ ప్రస్తారం వేయగలరని చెప్పలేము.

ఒక శాస్త్రవిషయంలో భావన, సిద్ధాంతం, ప్రక్రియ అని మూడు అంశాలుంటాయి. భావనను నిర్వచనంతోనూ, సిద్ధాంతాన్ని ఉపపత్తితోనూ చెప్పవచ్చు. ప్రక్రియ అలా లొంగదు. అది చేయవలసిన పని, అడుగు తరువాత అడుగుగా సాగేది. దానిని చదివిన పాఠకుడు స్వయంగా చేయగలిగితేనే వివరణ నెరవేరినట్లు. కంప్యూటర్ శాస్త్రం విస్తరించిన ఈ కాలంలో తెలుగులో చెప్పవలసిన శాస్త్రవిషయాలలో ప్రక్రియలదే పెద్ద వాటా. అందుచేత ప్రక్రియా వివరణను వచన రచనలో ఒక ప్రత్యేక విభాగంగా గుర్తించి, దాని గుణదోషాలను విమర్శకులు చర్చించవలసి ఉంది. అటువంటి చర్చకు తరంగిక పరివర్తనం అనువైన విషయం. దాని సిద్ధాంతం కఠినం, ప్రక్రియ మాత్రం కూడిక, తీసివేత, సగం చేయడం తెలిసినవారికి అందేది. ఈ వైరుధ్యమే వివరణకర్త శక్తిని పరీక్షిస్తుంది.

2. తరంగిక: పేరు, పూర్వాపరాలు

ఫ్రెంచి భాషలో ‘ఓండ్’ అంటే అల. దానికి అల్పార్థక ప్రత్యయం చేర్చిన ‘ఓండ్‌లెట్’ అంటే చిట్టి అల. ఆంగ్లంలోని ‘వేవ్‌లెట్’ కూడా అదే పద్ధతిలో ఏర్పడింది. సంస్కృత సంప్రదాయంలో నాటకం నుండి నాటిక వచ్చినట్లే తరంగం నుండి ‘తరంగిక’ వస్తుంది. అల్పార్థం స్పష్టంగా ఉన్నది కనుక ఈ వ్యాసంలో ఆ పదమే వాడబడింది. నది అన్న అర్థంలో రూఢమైన ‘తరంగిణి’తో దీనిని కలపరాదు.

ఈ భావన అవసరం ఫూరియే పద్ధతి పరిమితి నుండి పుట్టింది. ఏ సంకేతాన్నైనా వేర్వేరు పౌనఃపున్యాలు గల అలల మొత్తంగా విడదీయవచ్చునన్నది ఫూరియే మార్గం. 1822లో వెలువడిన ఆయన ఉష్ణసిద్ధాంత గ్రంథంతో అది ప్రసిద్ధి పొందింది. ఒక కీర్తనను ఆ పద్ధతిలో విశ్లేషిస్తే ఏయే స్వరాలు ఎంత బలంగా ఉన్నాయో తెలుస్తుంది. ఏ స్వరం ఎప్పుడు పలికిందో మాత్రం పైకి కనిపించదు. ఆ సమాచారం నశించదు కాని, అలల దశలలో చెల్లాచెదురై దాగి ఉంటుంది. ఆద్యంతాలు లేని అలతో కొలిచినప్పుడు స్థానం ఇలా మరుగున పడక తప్పదు. తరంగిక కొంతచోటనే కదిలి ఆగిపోయే అల. దానిని పక్కకు జరపవచ్చు, సాగదీయవచ్చు, కుదించవచ్చు. అందువల్ల ‘ఎంత వేగంగా’ అన్న ప్రశ్నకూ, ‘ఎక్కడ’ అన్న ప్రశ్నకూ అది కలిపి జవాబు చెప్పగలదు.

చరిత్రను సంక్షేపంగా చెప్పుకోవచ్చు. హంగరీ గణితవేత్త ఆల్ఫ్రెడ్ హార్ 1910లో ప్రచురించిన రచనలో, నేడు తరంగికలన్నిటిలోకీ సరళమైనదిగా చెప్పుకునే మెట్టు ఆకారపు ప్రమేయాల వ్యవస్థను ప్రతిపాదించాడు. అప్పటికి తరంగిక అన్న పేరు దానికి లేదు. భూగర్భంలో చమురు జాడల కోసం ప్రతిధ్వనులను విశ్లేషిస్తున్న ఝాఁ మోర్లే, భౌతికశాస్త్రవేత్త అలెక్స్ గ్రాస్‌మన్ కలిసి 1984లో వెలువరించిన పత్రంతో ఆధునిక సిద్ధాంతం రూపుకట్టింది. ఈవ్ మేయర్, ఇంగ్రిడ్ దోబెషీ, స్తెఫాన్ మల్లా దానిని విస్తరించారు. దోబెషీ 1988లో పరిమిత విస్తృతి గల లంబీకృత తరంగికలను నిర్మించింది. మల్లా 1989లో అంచెలంచెలుగా సాగే వేగవంతమైన గణన పద్ధతిని స్థిరపరచాడు. చిత్రాలను కుదించి దాచే ‘జేపెగ్ 2000’ ప్రమాణానికి ఆధారం ఈ పద్ధతే.

3. ఉపమానం చెప్పేదీ, చెప్పనిదీ

తరంగికల వివరణలో మూడు మార్గాలు కనిపిస్తాయి. మొదటిది ఉపమాన మార్గం. తరంగిక పరివర్తనాన్ని ‘గణిత సూక్ష్మదర్శిని’ అనడం పరిపాటి. దూరం నుండి చూస్తే అడవి, దగ్గరకు వెళితే చెట్లు, ఇంకా దగ్గరకు వెళితే ఆకులు అన్న పోలిక కూడా ఈ కోవలోనిదే. ఉపమేయోపమానాల మధ్య సాధర్మ్యం ఉన్నంతవరకే ఉపమకు సార్థకత అని అలంకారశాస్త్రం చెబుతుంది. ఇక్కడి సాధర్మ్యం ప్రయోజనంలో ఉన్నదే తప్ప వ్యాపారంలో లేదు. సూక్ష్మదర్శిని దేనినీ కూడదు, దేనినీ సగం చేయదు. పైగా దానిలో చూసిన దృశ్యాల నుండి వస్తువును తిరిగి నిర్మించలేము. తరంగిక పరివర్తనంలో అలా నిర్మించగలగడమే ప్రాణం. పాఠకునికి ‘ఎందుకు’ అన్నది తెలిపి, ‘ఎలా’ అన్న చోట ఉపమ తప్పుకుంటుంది. ఆ సంగతి చెప్పకుండా తప్పుకుంటేనే దోషం.

రెండవది నిర్వచన మార్గం. దోబెషీ 1992లో ప్రచురించిన పది ఉపన్యాసాల గ్రంథం ఈ మార్గానికి ఉత్తమ ప్రతినిధి. దాని మొదటి అధ్యాయం శీర్షికలోనే ఏమిటి, ఎందుకు, ఎలా అన్న మూడు ప్రశ్నలున్నాయి. మూలాన్ని తిరిగి రాబట్టే సూత్రానికి కూడా అందులో సముచిత స్థానం ఉంది. కాని ఆ గ్రంథం ఉన్నత గణితం చదివినవారితో మాట్లాడుతుంది. అది దాని లోపం కాదు, దాని శ్రోతల ఎంపిక. ఆ గ్రంథ సరళిని మాటకు మాటగా అనుకరిస్తూ సామాన్య పాఠకునికి రాయబూనడమే లోపం.

మూడవది ఉదాహరణ మార్గం. ఆర్నె జెన్‌సెన్, ఆండర్స్ ల కూర్-హార్బో 2001లో రాసిన పుస్తకం కొద్దిపాటి సంఖ్యల వరుసతో మొదలై, దాని మీద లెక్క చేసి చూపిన తరువాతనే సిద్ధాంతం వైపు నడుస్తుంది. విజ్ఞాన పాత్రికేయురాలు బార్బరా బర్క్ హబ్బర్డ్ 1996లో ఆంగ్లంలో తెచ్చిన పుస్తకం మరో పద్ధతి పాటించింది. కథనాన్నీ, గణిత వివరణలనూ వేరుచేసి, పాఠకుడు తన శక్తి మేరకు చదువుకునే వీలు కల్పించింది. ఈ రెండింటిలో ప్రక్రియా వివరణకు దగ్గరైనది జెన్‌సెన్, ల కూర్-హార్బోల పద్ధతి. గణిత వివరాలను వేరుచేసి పెట్టిన పుస్తకంలో, కథనం ఒక్కటే చదివిన పాఠకునికి తరంగికల గురించి తెలుస్తుంది కాని తరంగికల లెక్క చేతికి రాదు.

4. ఎనిమిది సంఖ్యల లెక్క

ఉదాహరణ మార్గం బలాన్ని పరిశీలించడానికి హార్ పద్ధతిని ఇక్కడ చేసి చూడడం అవసరం. ఒక చిత్రంలో వరుసగా ఉన్న ఎనిమిది చుక్కల వెలుగును ఈ సంఖ్యలు సూచిస్తున్నాయనుకోవాలి:

12, 16, 20, 20, 9, 7, 4, 8

వరుసను జంటలుగా విడదీయాలి. ప్రతి జంటకూ సగటు కనుక్కోవాలి. జంటలోని మొదటి సంఖ్య నుండి ఆ సగటును తీసివేస్తే వచ్చేదానిని ‘తేడా’ అనాలి. 12, 16 జంటకు సగటు 14, తేడా −2. మిగిలిన జంటలకూ ఇలాగే చేస్తే:

సగటులు: 14, 20, 8, 6
తేడాలు: −2, 0, 1, −2

తేడాలను పక్కన దాచి, సగటుల వరుస మీద అదే పని మళ్లీ చేయాలి. 14, 20 జంటకు సగటు 17, తేడా −3. 8, 6 జంటకు సగటు 7, తేడా 1. చివరగా 17, 7 జంటకు సగటు 12, తేడా 5. ఇక జంట లేదు కనుక పని ముగిసింది. చివరి సగటు మొదట, దాని తరువాత తేడాలు పెద్ద అంచె నుండి చిన్న అంచెకు రాస్తే ఫలితం ఇది:

12, 5, −3, 1, −2, 0, 1, −2

ఎనిమిది సంఖ్యలు ఇచ్చి ఎనిమిది సంఖ్యలే పుచ్చుకున్నాము. ఇక్కడ ఆగిపోయే వివరణలో పాఠకునికి ఒక సందేహం మిగులుతుంది: ‘ఇంత చేసి సాధించినదేమిటి?’ దానికి జవాబు తిరుగుదారిలో ఉంది. సగటుకు తేడాను కలిపితే జంటలో మొదటిది, సగటు నుండి తేడాను తీసివేస్తే రెండవది వస్తుంది. 12కు 5 కలిపితే 17, తీసివేస్తే 7. 17 దగ్గర −3ను వాడితే 14, 20. 7 దగ్గర 1ని వాడితే 8, 6. మరొక్క అంచె దిగితే మొదటి వరుస యథాతథంగా వస్తుంది. ఫలితంలోని ప్రతి సంఖ్యకూ ఏం పని ఉన్నదో పాఠకునికి తెలిసేది ఈ దిగుడులోనే. 12 అన్నది మొత్తం వరుస సగటు. 5 అన్నది మొదటి సగానికీ రెండవ సగానికీ మధ్య ఉన్న అంతరాన్ని చెబుతుంది. చివరి నాలుగూ పక్కపక్క చుక్కల మధ్య తేడాలు. ‘అంచె’ అన్న భావనకు నిర్వచనం అక్కరలేకుండానే అర్థం కుదిరింది.

కుదింపు రహస్యం కూడా ఇక్కడే తెలుస్తుంది. చిన్న తేడాలను, అంటే 1 ఉన్నచోట్లను, సున్నాగా మార్చితే ఫలితం 12, 5, −3, 0, −2, 0, 0, −2 అవుతుంది. దీని నుండి వెనక్కి వస్తే 12, 16, 20, 20, 7, 7, 5, 9 వస్తాయి. మొదటి సగం చెక్కుచెదరలేదు. రెండవ సగంలో ఎక్కడా 2కు మించి తప్పు లేదు. దాచవలసిన సున్నాకాని సంఖ్యలు ఏడు నుండి ఐదుకు తగ్గాయి. ఏది వదిలితే ఎక్కడ ఎంత నష్టమో పాఠకుడు తన చేతులతో చూశాడు. సూక్ష్మదర్శిని ఉపమ ఇవ్వలేనిది ఈ అనుభవమే.

ఈ ఉదాహరణలో ఒక సరళీకరణ ఉన్నది. లంబీకృత హార్ పరివర్తనంలో కూడికనూ, తీసివేతనూ 2తో కాక 2 వర్గమూలంతో భాగిస్తారు. అప్పుడే మూలసంఖ్యల వర్గాల మొత్తం ఫలితంలోనూ నిలుస్తుంది. సులభంగా చెప్పడం కోసం వదిలినదేమిటో చెప్పడం వివరణకర్త నిజాయితీకి సంబంధించిన విషయం. వదిలిన సంగతి దాచిపెడితే, పెద్ద గ్రంథం తెరిచిన రోజున పాఠకుడు తాను నేర్చినది తప్పేమోనని అనుమానపడతాడు.

5. విడదీత, ఊహ, సవరణ

విమ్ స్వెల్డెన్స్ 1990ల నడుమ ప్రతిపాదించిన పద్ధతి వివరణ దృష్టితో మరింత పరిశీలించదగినది. ఆయన ప్రక్రియను మూడు అడుగులు చేశాడు. మొదటిది విడదీత: వరుసలోని సంఖ్యలను ఒకటి విడిచి ఒకటిగా రెండు గుంపులు చేయాలి. రెండవది ఊహ: మొదటి గుంపును చూసి రెండవ గుంపును ఊహించి, ఊహకూ వాస్తవానికీ ఉన్న తేడాను మాత్రమే ఉంచుకోవాలి. మూడవది సవరణ: ఆ తేడా సాయంతో మొదటి గుంపును దిద్ది సగటుగా మార్చాలి.

12, 16 జంటకు దీనిని వర్తింపజేయవచ్చు. పొరుగు సంఖ్య కూడా 12 అయి ఉంటుందని ఊహ. వాస్తవం 16, కనుక తేడా 4. ఆ తేడాలో సగం 12కు కలిపితే సగటు 14. వెనక్కి రావడానికి అడుగులను చివరి నుండి మొదటికి తిప్పి, కలిపిన చోట తీసివేయాలి, తీసివేసిన చోట కలపాలి: 14 నుండి 2 తీస్తే 12, తేడా 4కు ఆ 12 కలిపితే 16. (ఇక్కడ తేడాను రెండవ సంఖ్య నుండి మొదటి సంఖ్యను తీసి లెక్కించడం వల్ల గుర్తూ, పరిమాణమూ పై ఉదాహరణకు భిన్నంగా ఉన్నాయి.)

ఇందులో గమనించవలసిన విశేషం ఒకటి ఉంది. ఊహ ఎంత పేలవమైనదైనా తిరుగుదారి చెడదు. ఊహ చెడితే తేడాలు పెద్దవవుతాయి, కుదింపు తగ్గుతుంది, అంతే. తిరుగుదారి ఉన్నదని వేరే ఉపపత్తితో నిరూపించనక్కరలేదు. అడుగులను చెప్పిన తీరే దానికి ఉపపత్తి. మల్లా పద్ధతి ఇదే పనిని రెండు వడపోతలతో, ఒకటి విడిచి ఒకటి ఉంచుకోవడంతో చెబుతుంది. దోబెషీ, స్వెల్డెన్స్ 1998లో ప్రచురించిన పత్రం, పరిమితమైన వడపోతలతో నడిచే తరంగిక పరివర్తనాలను ఇటువంటి అడుగులుగా విడగొట్టవచ్చునని చూపింది. అంటే స్వెల్డెన్స్ వివరణ పిల్లల కోసం చేసిన పలచన పాఠం కాదు. ఒకే సత్యానికి రెండు కథనాలున్నాయి, వాటిలో ఒకటి తన తిరుగుదారిని పైకి చూపుతుంది. శాస్త్రంలోనూ కథన నిర్మాణానికి విలువ ఉన్నదనడానికి ఇంతకంటె సాక్ష్యం అవసరం లేదు.

6. ఛందఃప్రత్యయాల పాఠం

తిరుగుదారిని వివరణలో అంతర్భాగం చేయడం భారతీయ శాస్త్రసంప్రదాయానికి కొత్త కాదు. ఆర్యభటుడు 499 నాటి ఆర్యభటీయంలో విలోమవిధిని చెప్పాడు. ఫలితం నుండి మూలానికి వెళ్లేటప్పుడు గుణకం భాజకమవుతుంది, కలిపినది తీసివేయవలసినదవుతుంది. భాస్కరాచార్యుని లీలావతిలోనూ ఈ విధికి చోటుంది. మహావీరాచార్యుని సంస్కృత గ్రంథాన్ని సారసంగ్రహ గణితంగా తెలుగు చేసిన పావులూరి మల్లన కాలం నుండి గణితప్రక్రియను తెలుగు పద్యంలో చెప్పే సంప్రదాయమూ ఉన్నది. అయితే తెలుగు శాఖలకు అతి సన్నిహితమైన ఉదాహరణ ఛందస్సులోనే లభిస్తుంది.

కేదారభట్టు వృత్తరత్నాకరం ఆరు ప్రత్యయాలను చెప్పింది. వాటిలో మొదటి మూడు ప్రస్తారం, నష్టం, ఉద్దిష్టం. ప్రస్తారం గురులఘువుల అమరికలన్నిటినీ వరుసగా వేసే విధానం. మూడు అక్షరాలకు మ, య, ర, స, త, జ, భ, న గణాలు ఆ క్రమంలోనే వస్తాయి. వరుసలోని ఒక అమరిక చెరిగిపోయిందనుకుంటే దాని సంఖ్యను బట్టి తిరిగి రాబట్టడం నష్టం. అమరికను చూపి అది ఎన్నవదని అడిగితే సంఖ్య చెప్పడం ఉద్దిష్టం. ఒకదానికొకటి విలోమాలు. ఆరవ గణం ఏదని నష్టప్రశ్న. సరిసంఖ్య అయితే సగం చేసి లఘువు రాయాలి. బేసి అయితే ఒకటి కలిపి సగం చేసి గురువు రాయాలి. 6 సరి, కనుక లఘువు, మిగిలినది 3. 3 బేసి, కనుక గురువు, మిగిలినది 2. 2 సరి, కనుక లఘువు. లఘువు, గురువు, లఘువు: జగణం. ఉద్దిష్టంలో అక్షరాల మీద 1, 2, 4 అని రెట్టింపు సంఖ్యలు వేసి, లఘువుల మీది సంఖ్యలను కూడి, ఒకటి కలపాలి. జగణానికి 1, 4 కూడితే 5, ఒకటి కలిపితే 6. బయలుదేరిన చోటికే చేరాము.

ఉత్పలమాల ఇరవై అక్షరాల కృతిఛందంలో 3,55,799వ వృత్తమని లక్షణ పాఠాలు చెబుతాయి. భ, ర, న, భ, భ, ర గణాలు, ఆపై వగణం అన్న లక్షణంతో ఉద్దిష్టక్రియ చేస్తే పన్నెండు లఘువుల మీది సంఖ్యల మొత్తం 3,55,798 వస్తుంది, ఒకటి కలిపితే సంప్రదాయం చెప్పిన సంఖ్యే. ఇరవై అక్షరాలకు మొత్తం అమరికలు 10,48,576. అన్నిటినీ వేసి లెక్కపెట్టడం మనిషికి సాధ్యం కాదు. పెద్ద సంఖ్యను కంఠస్థం చేసే బదులు చేతితో సరిచూసుకొనే అవకాశం ఆ ప్రత్యయాలు ఇస్తున్నాయి. అయినా బోధనలో అవి తరచు పరీక్షకోసం గుర్తుంచుకునే అంశాలుగానే మిగిలిపోతున్నాయి.

ప్రస్తారంలోని నిలువు వరుసలను గమనిస్తే అంచె భావన కూడా కనిపిస్తుంది. మొదటి నిలువు వరుసలో గురులఘువులు ఒక్కొక్కటిగా మారుతాయి. రెండవ దానిలో రెండేసి, మూడవ దానిలో నాలుగేసి చొప్పున మారుతాయి. రెట్టింపవుతూ సాగే ఈ మార్పును చూసిన విద్యార్థికి హార్ పద్ధతిలోని అంచెలు అపరిచితం కావు. అయితే పోలిక ఇక్కడితో ఆగుతుంది. ప్రస్తారపు నిలువు వరుస ఆసాంతం ఊగే అల. హార్ తరంగిక ఒక జంట దగ్గర ఊగి, మిగిలిన చోట్ల నిశ్చలంగా ఉండే అల. స్థానాన్ని పట్టుకొనే గుణం తరంగికకే ఉంది. ఈ భేదాన్ని మరచి పింగళుడు తరంగికలను ముందే కనుగొన్నాడనడం ఛందశ్శాస్త్రానికీ, గణితానికీ కూడా అన్యాయం. ప్రస్తారం అక్షరక్రమాల లెక్క, తరంగిక సంకేతాల విశ్లేషణ. వాటికి సమానమైనది విషయం కాదు, వివరణ నిర్మాణం.

ఆ నిర్మాణానికి కూడా ఒక పరిమితి ఉంది. సూత్రమూ, లక్షణశ్లోకమూ జ్ఞాపకానికి అనుకూలించేటంత క్లుప్తంగా ఉంటాయి. గురువు పక్కన లేనిదే అవి తెరుచుకోవు. వ్యాఖ్యాతలు ఉదాహరణలు చేసి చూపినందువల్లనే ఆ ప్రక్రియలు నేటికీ అందుతున్నాయి. కాబట్టి సంప్రదాయం నుండి గ్రహించవలసినది క్లుప్తత కాదు. ప్రక్రియ వెంటనే దాని విలోమాన్ని ప్రశ్నగా నిలిపే పద్ధతిని గ్రహించాలి.

7. తెలుగు వాక్యం చేయవలసిన పని

ఆంగ్ల పాఠ్యగ్రంథ సరళిని మాటకు మాటగా తెలుగులో పెడితే మల్లా ప్రక్రియ ఇలా తయారవుతుంది: ‘సంకేతము నిమ్న, ఉన్నత పౌనఃపున్య శోధకముల ద్వారా పంపబడి, ద్వయాంశ అవప్రతిచయనమునకు గురిచేయబడుతుంది.’ ఈ వాక్యంలో పదాలన్నిటికీ అర్థం చెప్పినా పాఠకుడు పెన్సిల్ పట్టుకోలేడు. కర్మణి ప్రయోగం తెలుగు వాడుకకు సహజం కాదన్నది తెలిసిన విషయమే. ప్రక్రియా వివరణలో దాని నష్టం శైలికి పరిమితం కాదు. చేసేవాడు మాయమయ్యాక, ఏది ముందు, ఏది తరువాత అన్న స్పృహ కూడా మసకబారుతుంది.

కర్తను చెప్పకుండానే పనిని చెప్పే సహజ మార్గం తెలుగుకు ఉంది. ‘కూడి సగం చేస్తే సగటు వస్తుంది’ అన్న చేదర్థక నిర్మాణం అటువంటిది. అందులో పనీ, ఫలితమూ వరుసగా ఉన్నాయి. ‘సరి అయితే’, ‘బేసి అయితే’ అన్నప్పుడు అదే నిర్మాణం దారి చీలడాన్ని చూపుతుంది.

క్త్వార్థకం విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ‘జంటను తీసుకొని, కూడి, సగం చేసి, మొదటిదానిలోంచి తీసి, పక్కన రాసి, మళ్లీ చేయాలి’ అన్న వాక్యం అచ్చమైన తెలుగు. కాని దేనిని తీయాలి, దేనిని రాయాలి, దేని మీద మళ్లీ చేయాలి అన్న మూడు ప్రశ్నలకూ అందులో జవాబు లేదు. అసమాపక క్రియల గొలుసు కథనానికి వేగం ఇస్తుంది, ప్రక్రియలో మధ్య ఫలితాలను మింగేస్తుంది. కనుక కొత్త ఫలితం పుట్టిన ప్రతిచోటా దానికి పేరు పెట్టి, సమాపక క్రియతో వాక్యం ముగించాలి. ‘ప్రతి జంటకూ సగటు కనుక్కోవాలి. మొదటి సంఖ్య నుండి సగటును తీసివేస్తే వచ్చేదానిని తేడా అనాలి. తేడాలను పక్కన దాచి, సగటుల మీద అదే పని మళ్లీ చేయాలి.’ ఇలా చెప్పినప్పుడు సమాపక క్రియ అడుగుకు హద్దురాయి అవుతుంది. ఆ హద్దులున్నప్పుడే పాఠకుడు వెనక్కి నడవగలడు.

పారిభాషిక పదానికి ఇక్కడ దాని స్థానం దొరుకుతుంది. సగటు, తేడా, అంచె అన్న మాటలతో పని జరిగిన తరువాత, వాటి సాధారణీకృత రూపాలకు శాస్త్రంలో ఉన్న పేర్లు చెప్పవచ్చు. అప్పుడా పేరు తెలిసినదానికి గుర్తు అవుతుంది. ముందే చెబితే తెలియనిదానికి మరో తెరగా నిలుస్తుంది.

8. ముగింపు

తరంగిక పరివర్తనపు వివరణలను పరిశీలించినప్పుడు నాలుగు అంశాలు తేలాయి. ఉపమానం ప్రయోజనాన్ని చెప్పగలదు, ప్రక్రియను చెప్పలేదు. చేసి చూపిన చిన్న ఉదాహరణ ప్రక్రియను చెప్పగలదు, కాని తిరుగుదారి తోడైనప్పుడే ఫలితంలోని ప్రతి భాగానికీ అర్థం ఏర్పడుతుంది. స్వెల్డెన్స్ పద్ధతిలో వలె వివరణ నిర్మాణమే తిరుగుదారికి ఉపపత్తి కాగలదు. నష్టోద్దిష్టాల రూపంలో ఇటువంటి నిర్మాణం ఛందశ్శాస్త్ర పాఠంలో ఇప్పటికే ఉన్నది.

దీని నుండి తెలుగు శాఖలకు రెండు పనులు ఏర్పడుతున్నాయి. శాస్త్రవచనాన్ని సమీక్షించేటప్పుడు పదాల తెలుగుదనంతో పాటు, ఆ వచనం చదివినవాడు ఫలితం నుండి మూలానికి రాగలడా అన్నది కూడా పరీక్షించాలి. ఛందస్సు బోధించేటప్పుడు ప్రత్యయాలను జాబితాగా అప్పగించక, విద్యార్థి చేత ఒక వృత్తసంఖ్య నుండి వృత్తాన్నీ, వృత్తం నుండి సంఖ్యనూ రాబట్టించాలి. ఆ లెక్కను సొంత వాక్యాలలో రాయించినప్పుడు, ఎక్కడ పేరు పెట్టాలో, ఎక్కడ వాక్యం ఆపాలో విద్యార్థికి అనుభవంలోకి వస్తుంది. తరంగికలను గాని, మరొక గణన ప్రక్రియను గాని తెలుగులో చెప్పబోయే రచయితకు కావలసిన శిక్షణ అక్కడ మొదలు కాగలదు.